నెత్తి మీద కుండ లేని గొల్లభామ

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మాది బట్టల కొట్టు. కండ్లతో చూసి, వేళ్లతో నలిపి, వెలుతురుకు పట్టి చూసినంకనే దేన్నైనా ఉన్నదని ఒప్పుకునే ఇల్లు. నేనైతే ఇంకో మెట్టు పైన. దయ్యం ఎదురుపడితే దాని చీర నేత చూసి ధర తగ్గించమనేవాణ్ని. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నేండ్లు సిగ్గుపడ్డ.

ఇప్పుడు చెప్పడానికి కారణం మా మనుమరాలు. కంప్యూటర్ చదువు చదువుతున్నది. మొన్న సెలవులకు వచ్చి, పొద్దంతా కాగితాలు ముందేసుకొని "బగ్ దొరుకుత లేదు తాతా" అని తల పట్టుకున్నది. బగ్ అంటే పురుగు గదా, కంప్యూటర్‌లకు పురుగెట్ల దూరిందని అడిగిన. నవ్వి చెప్పింది. కంప్యూటర్‌కు మనం రాసిచ్చే పనిల తప్పుంటే దాన్ని బగ్ అంటరట. మిషన్ల పనోళ్ల నోట్ల ఆ మాట పాత కాలం నుంచే ఉన్నదట. కానీ 1947ల అమెరికాల, ఒక గదంత కంప్యూటర్ తప్పు చేస్తుంటే విప్పి చూసిన్రట. లోపల ఒక రెక్కల పురుగు ఇరుక్కొని ఉన్నదట. దాన్ని కాగితానికి అంటించి, నిజం పురుగు దొరకడం ఇదే మొదలని నవ్వులాటకు రాసిన్రట. ఆ కథతోని ఆ మాట ఇంక గట్టిగ నిలబడ్డదట.

నాకు నవ్వు రాలేదు. ఇంచుమించు అదే కాలంల, ఇదే సిద్దిపేటల, ఒక మగ్గంల నేనూ ఒక పురుగును చూసిన.

అప్పుడు నాకు మీసాలు మొలుస్తున్నయ్. మా కొట్టుకు గొల్లభామ చీరలు నేసిచ్చే మల్లయ్య కాక అని ఉండె. ఆ చీర అంచు పొడుగునా, నెత్తి మీద కుండ పెట్టుకున్న ఆడమనిషి బొమ్మలు వరుసగా ఉంటయ్. ఏ వరుసకు ఏ దారాలు లేవాలెనో ముందే మగ్గానికి కట్టిపెడ్తరు. ఆ కట్టు ఎట్ల చెప్తే బొమ్మ అట్ల దిగుతది. ఒక బొమ్మ సరిగ్గ వస్తే అన్నీ సరిగ్గ రావాలె. కట్టుల తప్పుంటే అన్నిట్ల తప్పు రావాలె.

పక్కన కూసొని ఆ దారాలు లేపేది ఆయన భార్య నర్సవ్వ. ఇంటికి నీళ్లు, నూలు గంజికి నీళ్లు, అన్నీ ఆమె నెత్తి మీదనే. ముందటి వానకాలం జ్వరంతోని చనిపోయింది. జ్వరంల, నెత్తి మీద ఏం లేకున్నా "బరువు దించున్రి" అని ఒక్కటే పాటనట. మల్లయ్య కాక కుండ దించినట్టు చేతులు పెడ్తెగాని పడుకోకపోయేదట. ఇది నేను చూడలేదు, మా అమ్మ చూసొచ్చి చెప్పింది.

ఆమె పోయినంక ఆయన ఒక్కడే నేసిన మొదటి చీర తెచ్చిండు. నేను అలవాటు ప్రకారం తప్పు కోసం వెతికిన. తప్పు దొరికితే నాకు పండుగ. దొరికింది. కొంగు దగ్గరి ఆఖరి గొల్లభామకు నెత్తి మీద కుండ లేదు.

"కాకా, మీ గొల్లభామ కుండ యాడనో మర్చిపోయొచ్చింది. ధర సగం జేద్దామా?" అన్న.

ఆయన నవ్వలేదు. చీరను ముఖం దగ్గరికి తెచ్చుకున్నడు. "చిన్న సేటూ, నాకు కండ్లు పోతున్నయేమో" అన్నడు, మెల్లగ, మా బాపుకు వినబడకుండ.

నేతాయనకు కండ్లు పోయినయని ఒక్క కొట్టుల తెలిస్తే బజారంత తెలుస్తది. ఇంకెవ్వరూ నూలియ్యరు. ఆయనకు చాతనైంది ఆ పని ఒక్కటే.

"ఇంకో చీర నేస్త. ఆఖరి బొమ్మ కాడ నువ్వొచ్చి కూసో. తప్పు నా కండ్లదో కాదో నువ్వే చెప్పు" అన్నడు.

పోయిన. పట్టపగలు. ఎండ సూటిగ మగ్గం మీద పడుతున్నది. ఆఖరి బొమ్మ కుండ దాకా వచ్చింది. ఆ దారాలు లేపబోతే లేవలేదు. వంగి చూస్తే, ముడుల నడుమ దీపం చుట్టు తిరిగే పురుగొకటి రెక్కలు పరుచుకొని ఇరుక్కున్నది. చీపురు పుల్లతోని తీసి ఆయన అరచేతుల పెట్టిన.

చాలాసేపు దాన్నే చూసిండు. "కండ్లు కావు సేటూ, పురుగు" అని, నర్సవ్వ పోయినంక మొదటిసారి నవ్విండు. దారాలు లేపిండు. కుండ దిగింది. గుండ్రంగ, ఎర్రగ. నేను వేలు పెట్టి చూసిన.

"ఇంత మంచిగ దిగితే నేను ధరెట్ల తగ్గియ్యాలె కాకా?"

"ఇయ్యాల నీకు గిరాకి లేదు పో."

నేసిన బట్ట నేసినట్టు ముందటి కర్రకు చుట్టుకుంటది. ఆ కుండ నా కండ్ల ముందటనే చుట్టుకపోయింది. కొంగు అయ్యేదాక నేను లేవలేదు. లోపలికి ఇంకెవ్వరూ రాలేదు. చీర కోసి, ఇద్దరం చెరో కొస పట్టుకొని విప్పినం.

ఆఖరి గొల్లభామకు కుండ లేదు.

కత్తిరించిన జాడ లేదు, దారం గుంజిన జాడ లేదు. పురుగు మీదికి తోద్దామంటే, దాన్ని తీసినంకనే కుండ నేసినం. మల్లయ్య కాక చీర దిక్కు చూడలేదు, నా దిక్కు చూసిండు.

"కుండ దిగంగ నీకు గూడ కనబడ్డదా?"

"కనబడ్డది కాకా. వేలు గూడ పెట్టిన."

ఆయన ఊపిరి వదిలిండు. "గట్లైతే నా కండ్లు మంచిగనే ఉన్నయ్."

ఆ ఖాళీ జాగ మీద చెయ్యి పెట్టిండు. "దించుకున్నది లే" అన్నడు. "దించుకోనీ."

ఆ చీర నేను బేరం ఆడకుండ తీసుకున్న. నాకేదో గాలి సోకిందని భయపడి మా బాపు తాయత్తు కట్టించిండు.

మల్లయ్య కాక ఆ తర్వాత చాన్నాళ్లు నేసిండు. ఇంకే చీరలోనూ కుండ తప్పలేదు. నేను వెతకలేదనుకునేరు, ప్రతి చీరా వెతికిన.

చీర ఇప్పటికీ పెట్టెల ఉన్నది. మొన్న మనుమరాలికి చూపించిన. వెలుతురుకు పట్టి, తిప్పి తిప్పి చూసింది. "పురుగు దొరికినంక తప్పు పోవాలె గదా తాతా" అన్నది.

పోవాలె. ఆమె చదువు ప్రకారం పోవాలె, నా బేరం బుద్ధి ప్రకారం గూడ పోవాలె. ఎందుకు పోలేదో నాకు ఇప్పటికీ తెల్వదు. ఆ కుండ దారాలు ఎత్తుగ నా వేలికి తగిలినయ్, అది మర్చిపోలేదు. అదే జాగల ఇప్పుడు వేలు పెడితే ఉత్త బట్ట.