చప్పుడు తగ్గిన జీపు

ఎనభైల మొదట్లో నేను గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమాలో ఒక అరబ్బు దగ్గర డ్రైవరుగా ఉండేవాణ్ణి. జగిత్యాల దగ్గరి మా పల్లె నుంచి ఆయన కంకర క్వారీలో పనికని వెళ్లాను. బండి నడపడం వచ్చని తెలిశాక ఆయన నన్ను క్వారీలోంచి తీసి ఇంటి పనిలో పెట్టుకున్నాడు. నా వీసాకు పూచీ పడ్డ కఫీల్ ఆయనే. అందరిలాగే నేనూ ఆయన్ని అర్బాబ్, అంటే యజమాని, అనేవాణ్ణి.

నాకు అప్పగించింది ఒక పాత జీపు. పైన రేకు, కింద రేకు, వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు. ఇంజను మొదలైతే పక్క సీటులో మనిషి మాట వినబడేది కాదు. గులకరాళ్లు లేచి అడుగు రేకుకు తగులుతుంటే కాళ్ల కింద ఎవరో సుత్తెతో కొడుతున్నట్టుండేది. గేర్ల డబ్బా వేడికి చెప్పులున్నా అరికాళ్లు చురుక్కుమనేవి.

అర్బాబ్‌కు ఊళ్లో తిరగడానికి మెత్తటి పెద్ద కారుంది. జీపు వాళ్లమ్మ కోసం. ఆమె కొండల్లో, వాదీ పైన, తన మేకల దగ్గర ఉండేది. వాదీ అంటే వానపడితే తప్ప నీళ్లు పారని రాళ్ల వాగు. ఆ దారిలో కారు పోదు. ఊళ్లోకి వచ్చి ఉండమని కొడుకు ఎన్నిసార్లు బతిమాలినా ఆమె రాలేదు. అందుకని వారం వారం మేమే వెళ్లి ఆమెను ఆసుపత్రికి తీసుకొచ్చి, మళ్లీ దింపి వచ్చేవాళ్లం. ఆయన ఆమెను యుమ్మా అనేవాడు. మన అమ్మ అన్న మాటలాగే ఉండటంతో నేనూ అలాగే పిలిచాను.

ముఖం మీద నీలంగా మెరిసే ముసుగు, దాని వెనక రెండు కళ్లు. ఆమె గురించి నాకు కనిపించింది అంతే. జీపు కదలగానే రెండు చేతులతో తల పట్టుకునేది. ముందు సీట్లోంచి అర్బాబ్ వెనక్కి తిరిగి తిరిగి చూసేవాడు. ఒకరోజు దింపి వస్తూ దారిలోనే బండి ఆపించాడు.

"ఆవాజ్ నై మాంగ్తా," అన్నాడు. మాతో ఆయన మాట్లాడేది అలాంటి ముక్కల హిందీయే. "ఈ చప్పుడుకే మా అమ్మ తల పగిలిపోతోంది. ఏం పరుస్తావో పరుచు. చప్పుడు వినబడొద్దు."

కొత్త జీపుకు చెప్పే ఉన్నాడు. అది ఓడలో ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాళ్లు లేరు.

బజారులో సీట్లు కుట్టే పఠాన్ ఒకడుండేవాడు. అతని దుకాణానికి జీపు తీసుకెళ్లాను. అతను మందపాటి నల్ల రబ్బరు చుట్ట దొర్లించి చూపించాడు. ఇసుక పడితే చీపురుతో ఊడ్చేయొచ్చు, నీళ్లు పోసి కడగొచ్చు, గులకరాళ్ల దెబ్బ పైకి రాదన్నాడు. నాకూ బాగుందనిపించింది. అర్బాబ్ వచ్చి చేత్తో నొక్కి చూసి తలూపాడు. సీట్లు విప్పి, గేరు కర్ర చుట్టూ కోసి, మూలమూలకూ పరిచాం.

తర్వాతి ప్రయాణంలో ఎండకు ఆ రబ్బరు కాగింది. కాలిన టైరు వాసన. సగం దారిలో యుమ్మా వాంతి చేసుకుంది. కొడుకు తన తలగుడ్డ విప్పి ఆమె నోరు తుడిచాడు. ఊరికి రాగానే రబ్బరంతా పీకి పఠాన్ దుకాణం ముందు పడేశాం.

రెండోసారి ఆలోచించి చేశాం. పఠాన్ తారు షీట్లను మంట చిమ్మే దీపంతో వేడిచేసి అడుగు రేకుకు అతికించాడు. దాని మీద ఉన్నితో చేసిన మందపాటి నమ్దా పరిచాడు. గేర్ల డబ్బా ఉబ్బు మీద స్పాంజి. తలుపుల లోపల, పైకప్పుకు కూడా నమ్దా అంటించి గుడ్డ కుట్టాడు. పైన పరచడానికి అర్బాబ్ తాను అతిథులను కూర్చోబెట్టే గదిలోని ఎర్ర తివాచీ పంపించాడు. దాన్ని కోయడానికి పఠాన్‌కు చేతులాడలేదు. తారు వాసన పోవాలని కొన్నాళ్లు జీపును తలుపులు తెరిచి ఎండలో పెట్టాను.

ఈసారి నిజంగానే చప్పుడు తగ్గింది. ఇంజను ఎక్కడో పక్క వీధిలో ఉన్నట్టుంది. అర్బాబ్ నా భుజం తట్టాడు. యుమ్మాను ఎక్కించుకుని వాదీలోకి దిగాం. మొదటి రాళ్ల దగ్గర జీపు ఊగగానే వెనకనుంచి ఒక మూలుగు వినిపించింది. సన్నగా, పళ్ల మధ్యనుంచి. మళ్లీ ఊగింది, మళ్లీ మూలిగింది. ఇన్నాళ్లూ ఆమె ఇలాగే మూలుగుతూ వస్తోందని, బండి మోతలో మాకు తెలియలేదని అర్థమైంది. అర్బాబ్ ఈసారి వెనక్కి తిరగలేదు. ముందున్న అద్దంలోంచి దారినే చూస్తూ కూర్చున్నాడు. నేను ఎంత మెల్లగా పోనిచ్చినా రాళ్లు రాళ్లే.

ఆసుపత్రిలో కాకినాడ వైపు నుంచి వచ్చిన నర్సు ఒకామె ఉండేది. యుమ్మాకు ఇంజెక్షన్లు ఇచ్చేది ఆమే. ఆరోజు వరండాలో పట్టుకుని అడిగాను.

"అక్కా, బండి ఆవాజ్ తక్కువ చేసినం. అయినా ముసలామె గట్లనే మూలుగుతున్నది. ఏం జెయ్యాలె?"

"బండి మీదేం లేదు తమ్ముడూ," అందామె. "ఆవిడ తలలో గడ్డుంది. ఈ ఇంజెక్షన్ కాసేపు నొప్పి తెలీకుండా ఉండ్డానికే. అంతకంటే ఏం లేదు."

"మరి గింత దూరం తిప్పుడెందుకు?"

"డాక్టరుగారు వాళ్లబ్బాయికి చెప్పారు, ఇంటి దగ్గరే ఉంచుకోమని. ఆయన వినట్లేదు. మేమేం చేస్తాం చెప్పు."

ఆమె ట్రే పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మరోసారి అర్బాబ్ డాక్టరుతో మాట్లాడుతుంటే, యుమ్మా, నేను జీపులో ఎదురుచూస్తున్నాం. ఆమె వంగి తివాచీ అంచు పట్టుకుని లాగింది. "షీల్," అంది. తీసెయ్యి అని. నేను కదలకపోయేసరికి తన గొంతు మీద వేలు పెట్టి చూపించింది, తర్వాత కొడుకు కూర్చునే సీటు చూపించింది. "షీల్, యా వలదీ." నాయనా, తీసెయ్యి. తన మూలుగు కొడుకు చెవిన పడకూడదని ఆమె అడుగుతోంది.

అర్బాబ్ రాగానే ధైర్యం చేశాను. "యుమ్మాకు గిదంతా వద్దంట, అర్బాబ్. తీసెయ్యమంటున్నది," అని నా హిందీలో చెప్పాను.

"ఆమెకేం తెలుసు?" అన్నాడు. "ఇంకో పొర వేయించు."

ఇంకో పొర వేయించాను. ఆయన మాట కాదనే అధికారం నాకు లేదు. ఆమె మాట చెల్లించే అధికారమూ లేదు. నా చేతిలో ఉన్నది గేరు కర్ర ఒక్కటే. అందుకని వాదీలో మూడో గేరులో పోగలిగిన చోట కూడా రెండులోనే ఉంచి ఇంజను అరిపించాను. అద్దాలు దించాను. ఆ మోతలో ఆమె మూలుగుకు కొంచెమైనా మరుగు దొరుకుతుందని. వెనక చూపే అద్దంలో చూస్తే ఆమె కళ్లు నా వైపే ఉన్నాయి.

"రెండులో ఎందుకు? ఇంజను పోతుంది," అని అర్బాబ్ కసిరాడు.

మూడులోకి మార్చాను. కాసేపాగి మళ్లీ రెండులోకి దించాను. ఆయన మళ్లీ కసిరాడు. అలా ఆ చలికాలమంతా తిరిగాం.

ఒక వారం మేం వెళ్లేసరికి ఆమె గుమ్మంలో చాప మీద పడుకుని ఉంది. కొడుకు లేపబోతే చెయ్యి విడిపించుకుంది. "ఖలాస్," అంది, ఇక చాలని. ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. నన్ను ఒక్కణ్ణే వెనక్కి పంపించాడు.

కొన్నాళ్లకు ఆమె పోయిన సంగతి నాకు అర్బాబ్ ఇంటి వంటమనిషి చెప్పాడు. అప్పటికే ఖననం అయిపోయింది. సాయంత్రం అర్బాబ్ ఇంటికి వెళ్లాను. పరామర్శకు వచ్చినవాళ్లతో గది నిండి ఉంది. గుమ్మంలో నిలబడి "అర్బాబ్" అన్నాను. ఆయన నన్ను చూసి కొంచెం జరిగి పక్కన చోటు చూపించాడు. వెళ్లి కూర్చున్నాను. ఎవరో నా చేతికి కాఫీ కప్పు ఇచ్చారు.