తర్జుమా ముట్టగూడని మాటలు

ముబషిరాకు చిన్నప్పటి నుంచీ ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు నేర్చుకుని, 2009లో గద్వాల చీరల వ్యాపారి దశరథం కొట్లో పనికి చేరింది. వస్తూనే కొట్టుకు ఇంగ్లిష్‌లో వెబ్‌సైట్ తయారుచేసింది. ఉత్తరాది వాళ్లు కూడా చూడాలని, పేజీని దానంతటదే హిందీలోకి మార్చే బటన్ ఒకటి తగిలించింది. మారిన పేజీ ఎట్లా ఉందో చదివి చూసే ఓపిక మాత్రం ఆమెకు లేకపోయింది.

కొద్దిరోజులకు నాగపూర్ నుంచి ఫోన్ వచ్చింది. హిందీ మాట వినగానే దశరథం ఫోను ముబషిరాకిచ్చాడు.

"తుప్పు పట్టిన చీరలు కూడా అమ్ముతారా మీరు?" అవతల ఒకావిడ నవ్వుతోంది.

ముబషిరా గబగబా పేజీ తెరిచింది. ఇటుకరంగు అంచు చీరకు తను ఇంగ్లిష్‌లో 'రస్ట్' అని రాస్తే, యంత్రం దాన్ని హిందీలో జంగు, అంటే తుప్పు, చేసింది. 'బార్డర్' అని రాసిన చీర అంచు దేశపు సరిహద్దయింది. 'బాడీ' అని రాసిన నడుమ నేతేమో మనిషి ఒళ్లయింది.

"మన ఇజ్జత్ పోతది బిడ్డా. గా బటన్ తీసెయ్," అన్నాడు దశరథం.

"జర ఆగు కాకా. ఏదో ఒక దారి ఉంటది."

అన్నం కూడా తినకుండా వెతికితే దారి దొరికింది. ఏ మాటలకు ఒక గుర్తు తగిలిస్తే, ఆ మాటలను యంత్రం ముట్టదు. ఇక ఆగలేకపోయింది. ఒక్కో మాట ఏరుకుంటూ కూర్చోవడం ఎవరివల్ల అవుతుందని, చీర వివరాలున్న భాగం మొత్తానికీ ఒకేసారి తగిలించేసింది. జంగు వదిలింది. నాగపూరావిడ ఆ ఇటుకరంగు అంచు చీరే తెప్పించుకుంది.

కొన్నాళ్లకు ఆ చీర తిరిగొచ్చింది. మీగడరంగు నేత మీద పొడుగునా అంచు రంగు దిగిన ఎర్రటి చారలు. వేడినీళ్లలో నానబెట్టారట. వేడినీళ్లు తగలనీయొద్దని పేజీలో ఉంది. కానీ చీర వివరాలతో పాటు ఆ మాటా ఇంగ్లిష్‌లోనే ఉండిపోయింది. ఆవిడకు ఇంగ్లిష్ రాదు.

ఆ చీర నేసిన స్వరూప అప్పుడు కొట్లోనే ఉంది. చీరను ఒళ్లో వేసుకుని చారల వెంట వేలు జరిపింది. తిట్టినా బాగుండునని ముబషిరాకు అనిపించింది. బయటికి పోయింది, లోపలికి వచ్చింది, మళ్లీ పోయింది. చివరికి ఫోను తీసి నాగపూరావిడకు ఉన్నదున్నట్టు చెప్పింది: "తప్పు నాదమ్మా. ఇంకో చీర పంపుతం."

తర్వాత తను స్వరూప పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. "అక్కా, ఏది మారొచ్చు, ఏది మారొద్దు? నువ్వే చెప్పు."

"రంగు పేరు, నేత పేరు ముట్టొద్దు. ఉతుకుడు సంగతి మాత్రం అందరికీ తెల్వాలె," అంది స్వరూప.

పత్తి నేతకు పట్టు అంచును మగ్గం మీదే కలిపే 'కుట్టు' దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. హిందీలో కుట్టు అంటే ఉపవాసాల్లో తినే ఒక పిండి. మార్చకపోయినా చిక్కే. ఆ మాటను అట్లాగే ఉంచి, అదేమిటో పక్కన ఒక వాక్యం రాసి, ఆ వాక్యాన్ని యంత్రానికి వదిలేసింది ముబషిరా.

"మరి నా పేరు?" అని అడిగింది స్వరూప. అప్పటిదాకా నేసినవాళ్ల పేర్లు పేజీలో లేనే లేవు. ముబషిరా ఆమె పేరు చేర్చి దానికీ గుర్తు పెట్టింది.

తర్వాత వచ్చిన పండక్కి నాగపూర్ నుంచి ఇంకో రెండు చీరలకు కబురొచ్చింది. అయినా ముబషిరాకు నిలకడ రాలేదు. పొద్దున్నే కొట్టు తెరవగానే హిందీ బటన్ నొక్కి ప్రతి పేజీ చదివేది.

"అన్నీ మంచిగనే ఉన్నయి గదా, జర కూసో," అనేవాడు దశరథం.

"యంత్రం నిన్న చదివినట్టే ఇయ్యాల చదువుతదని ఏం గ్యారంటీ కాకా?" అంటూ తర్వాతి పేజీ తెరిచేది.