రూబెన్ బటన్లు, ఫ్లారెన్స్ గుడ్డలు

మా రూబెన్ సాధించిన మొదటి విజయం సౌండు పెంచే బటన్. పంతొమ్మిది రోజులు పట్టింది. తగ్గించే బటన్‌కు మరో పన్నెండు రోజులు పట్టింది కనుక, ఆ మధ్యకాలంలో మదనపల్లె బడిలో పొద్దుటి ప్రార్థన పాట పెరగడమే గానీ తగ్గడం ఎరగదు. చివరికి స్పీకరు వైరు పీకి ఆపేవారు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో మా సంఘం నడిపే మూడు బళ్ళకూ రూబెనే కంప్యూటర్ మనిషి. ఆరేళ్ళుగా టెంపరరీ. నేను బళ్ళ కమిటీలో సభ్యుణ్ణి. కురబలకోట బడిలో ఎనిమిది వరకే చదివాను గానీ, ఆసుపత్రి బట్టల గదిని ముప్పై రెండేళ్ళు నడిపాను, ఒక్క దుప్పటి పోనివ్వలేదు. చర్చికి ప్రహరీ కట్టించింది నేనే. చదువుకున్నవాళ్ళ తెలివి గురించి రాసే అర్హత నాకు ఉందనే అనుకుంటాను.

ఒక కంపెనీ తాను వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లను మా బళ్ళకు దానమిచ్చింది. రూబెన్ వాటిలో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. దాన్ని ఎవరైనా విప్పి సరిచేసుకోవచ్చట. ఆ సరిచేసుకోవడమే మావాడి బతుకైపోయింది. అక్షరాలన్నీ పడుతున్నాయి గానీ పై వరసలో సౌండు, వెలుతురు, నెట్టు ఆపే విమానం బొమ్మ, వీటిని నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఒక్కో బటన్‌కు లోపల ఏ నంబరు పుడుతుందో పట్టుకుని, ఆ నంబరు పని ఇదీ అని ఒక ఫైల్లో రాసిపెట్టాలట. మూడు బళ్ళలోనూ అన్నీ పనిచేస్తే పర్మనెంట్ చేస్తామని కార్యదర్శి జోనాథన్ మాటిచ్చాడు.

మదనపల్లె తర్వాత పుంగనూరు వెళ్ళి అక్కడి బటన్లకూ ప్రాణం పోశాడు. ఆ మర్నాటి నుంచి, పొద్దున మూత తెరిస్తే నెట్టు ఉండదు.

"ఎవురో రోజూ విమానం బటన్ నొక్కతాండారు సార్. మిషన్లో రాసుండాది," అన్నాడు రూబెన్.

"గది బీగంచెవి హెడ్‌మాస్టర్ జేబులో ఉండాదప్పా. దయ్యాలొచ్చి నొక్కతాండాయా?" అన్నాడు జోనాథన్.

రూబెన్ ఏయే దేశాలవాళ్ళకో ఇంగ్లీషులో ఉత్తరాలు పంపాడు. నలుగురు నాలుగు రకాలుగా జవాబిచ్చారు. మూడు వారాలు గడిచాయి. వేరే మనిషిని చూసుకుందామన్నాడు జోనాథన్.

నేను పుంగనూరు బస్సెక్కాను. చేరేసరికి బడి వదిలే వేళ. రూబెన్ ల్యాప్‌టాప్‌లు మూస్తున్నాడు. మూసేముందు ఒక్కోదాని బటన్ల మీద ఒక్కో గుడ్డ పరుస్తున్నాడు. జోనాథన్ భార్య ఫ్లారెన్స్ కుట్టు టీచరు. ఆమె స్త్రీల సమాజంతో కుట్టించి, ప్రార్థన చేయించి ఇచ్చిన గుడ్డలవి. మావాళ్ళ ఇళ్ళలో రేడియో మొదలు ఫ్రిజ్ దాకా గుడ్డ కప్పని వస్తువు లేదు. మదనపల్లెలో ఉత్త గుడ్డలే, ఇక్కడ మాత్రం మూలన ఎంబ్రాయిడరీ ద్రాక్షగుత్తి. వేళ్ళ మధ్య పట్టి చూశాను. దుప్పటి మడతంత మందం. మూత పడితే ఆ గుత్తి సరిగ్గా విమానం మీద కూర్చుంటోంది.

"ఇదో, నీ దయ్యం," అన్నాను.

"మరి ముందర యాల కాలేదు పెదనాయనా?"

"ముందర ఆ బటన్ సచ్చి ఉన్నింది గదప్పా. నువ్వే గదా లేపితివి."

కంప్యూటర్ లోపలంతా వెతికిన మనిషి, పైనున్న గుడ్డ చూడలేదు.

గుడ్డలు తీసేద్దామని కమిటీలో చెప్పాను. పిలవకపోయినా ఫ్లారెన్స్ వచ్చి కూర్చుంది.

"ప్రార్థన చేసి ఇచ్చిన గుడ్డలన్నా. ఒక్క బటన్ కోసరం తీసేస్తారా? అది లేనప్పుడు బడి నడవలేదా?"

జోనాథన్ ఫ్యాన్ వైపు చూశాడు. సభ్యులందరూ అటే చూశారు. గుడ్డలు ఉంటాయి, విమానం బటన్‌ను మళ్ళీ చంపాలి అని తీర్మానం రాశారు. బతికించడానికి వారాలు పట్టినదాన్ని రూబెన్ ఒక్క సాయంత్రంలో చంపాడు.

ఇక మిగిలింది కుప్పం. అక్కడ పదకొండు ల్యాప్‌టాప్‌లు. అక్కడి గుడ్డల మీద ద్రాక్ష కాదు, పావురం. ముందు బటన్లన్నీ లేపి, పావురం ఏ బటన్ మీద వాలుతుందో చూసి, వాలిన దాన్నల్లా చంపి రమ్మన్నారు. ఆ పని ముగిస్తేనే పర్మనెంట్ కాగితం మీద జోనాథన్ సంతకం.

"నేను లేపినదాన్ని నేనే సంపాల్నా పెదనాయనా?" అని బస్టాండులో అడిగాడు.

"పర్మనెంట్ కావల్లంటే సంపు," అన్నాను. నిజం చెప్పడం నాకు మొదటినుంచీ అలవాటు.

బస్సెక్కాడు. అతను తిరిగొచ్చేది 2025 డిసెంబరు 15, సోమవారం. చంపాడో లేదో ఆ రోజే తెలుస్తుంది.