అత్తమ్మ మెత్తని చెప్పులు

మా అత్తమ్మకు షుగర్ ఎప్పటినుంచో ఉంది. పాదాల్లో స్పర్శ పోయిన సంగతి మాత్రం ఒక ఎండాకాలంలో బయటపడింది. డాబా మీద వడియాలు పెడుతూ, మండుతున్న బండల మీద ఉత్త కాళ్లతో నిలబడి తీరుబడిగా ముచ్చట్లు చెబుతోంది. చెప్పులు తొడుక్కున్న నేనేమో నిలవలేక గెంతుతున్నాను. దవాఖానకు తీసుకెళ్తే డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. మెత్తని చెప్పులు లేకుండా ఇంట్లో కూడా నడవొద్దు, చిన్న పుండు పడ్డా వేలు పోతుంది, పాదం పోతుంది అని.

మా ఆయన నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒక గోదాములో పనిచేస్తాడు. చెప్పుల ఫ్యాక్టరీలు పనికిరావని పక్కన పెట్టిన మాల్ అక్కడికి వస్తుంది. ఎవరూ మళ్లీ అమ్మకుండా ఫ్యాక్టరీ వాళ్లు ఒక్కో చెప్పు అడుగున రంధ్రం పొడిచి పంపుతారు. ఇక్కడ ఆ రంధ్రంలో రబ్బరు ముద్ద కూరి, ఫ్యాను కింద ఆరబెట్టి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పెద్ద కంపెనీ పేరున్న పట్టీ అతికించి డబ్బాల్లో పెడతారు. ఫోన్లో బొమ్మ చూసి కొనేవాళ్ల ఇళ్లకు అవి పోతాయి. రుద్దడం మా ఆయన పని. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా నల్ల పొడి ఉండేది.

"గట్ల అమ్ముడు తప్పు గాదా కొడుకా?" అని అత్తమ్మ అప్పుడప్పుడు అడిగేది.

"మన ఊర్ల అమ్మరమ్మా. ఈ మాలంత బయటి రాష్ట్రాలకే పోతదని సేటు చెప్పిండు."

ఆ మాటను ఆయన నిజంగానే నమ్మాడు. గోదాములో పనిచేసేవాళ్లందరూ నమ్మారు.

అయినా ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కుప్పలు పోసిన చెప్పులు మాత్రం ఇంట్లో ఎవరినీ కొననిచ్చేవాడు కాదు. చర్చి నుంచి వస్తూ అత్తమ్మ ఆగితే, తానే ఒక చెప్పు తీసి తిరగేసి, వంచి, వాసన చూసి పక్కన పడేసేవాడు.

"పిల్లను సూడవోయినప్పుడు గూడ గింత పరీక్ష జెయ్యలే గదరా," అనేది అత్తమ్మ, నా వైపు ఓరగా చూస్తూ.

డాక్టరమ్మ చెప్పిన చెప్పులు ఆయన ఫోన్లోనే తెప్పించాడు. డబ్బాకు సీలుంది, మంచి కంపెనీ పేరుంది. తల్లి ముందు కింద కూర్చుని తానే తొడిగాడు. వాటిని తిరగేసి చూడలేదు. అలాంటి మాల్ మన ఇంటికి రాదని ఆయన లెక్క.

"పత్తి మీద నడిశినట్టున్నది," అని అత్తమ్మ మురిసిపోయింది. నడిచి చూస్తానని ఆ ఆదివారం ఆటో వద్దంది. అబిడ్స్ చర్చి నుంచి ఇంటి దాకా నడిచే వచ్చింది. లోపలికొచ్చి కూర్చుని పాస్టరుగారు చెప్పిన వాక్యం నాకు చెబుతోంది. గచ్చు మీద ఎర్రటి మరకలు చూసి, తరిగిన బీట్‌రూట్ నీళ్లు కారాయనుకుని నేను గుడ్డ తెచ్చాను. తుడుస్తూ పోతే అవి ఆమె కుడి కాలి దగ్గర ఆగాయి.

చెప్పు తీస్తే, బొటనవేలి కింద రబ్బరు ముద్ద ఊడిపోయి ఉంది. ఆ రంధ్రంలోంచి ఒక విరిగిన మేకు పైకి పొడుచుకొచ్చింది. ఎక్కడ గుచ్చుకుందో గానీ, దారంతా దాని మీదే నడిచి వచ్చింది. మా ఆయన ఆ చెప్పు అందుకుని రంధ్రంలో వేలు పెట్టాడు. తువ్వాలు చుట్టి తల్లిని దవాఖానకు ఎత్తుకుపోయాడు.

ఎన్ని మందులు వాడినా వేలు నల్లబడింది. తీసేశారు.

ఇంటికొచ్చాక రోజూ కట్టు మార్చేది ఆయనే. ఒకరోజు అత్తమ్మ గోడకు ఒరిగి అంది: "ఆ ముద్ద వెట్టినోడు మంచిగ ఆరనియ్యలే కావచ్చు. సేటు జల్దీ జల్దీ అన్నడేమో. పాపం, వానికి గూడ ఇంట్ల అమ్మ ఉంటది."

ఆయన చేతిలో దూది ఆగిపోయింది. ఆ చెప్పు రుద్దింది తానో, ఏ ఊరి గోదాములో ఇంకెవరో, తెలిసే దారి లేదు. తర్వాత పెరట్లో చేతులు కడుక్కుంటూ నాతో మెల్లగా అన్నాడు: "ఎవరికో మనది గూడ బయటి రాష్ట్రమే గదనే."

ఆ జత నేను పారేయబోతే అత్తమ్మ పారేయనివ్వలేదు. "ఎడమదేం జేసిందే? ఉండనీ."

మా ఆయన దాని అడుగున మోచీ చేత మందమైన రబ్బరు పలక కుట్టించి తెచ్చాడు. కుడి కాలికి కట్టు, ఎడమ కాలికి ఆ చెప్పు, చేతిలో కర్ర. ఇప్పుడు చర్చికి ఆటోలోనే వెళుతుంది. వేరే పని దొరక్క ఆయన ఆ గోదాముకే పోతున్నాడు. పొద్దున బయల్దేరే ముందు తల్లి కాలి నుంచి ఆ చెప్పు తీసి, తిరగేసి, బొటనవేలితో గట్టిగా నొక్కి చూసి, మళ్లీ తొడిగి వెళతాడు.