కూర్మారావు గారి జాజు

ఏదైనా పూర్తయ్యేదాకా ఆగి చప్పట్లు కొట్టడం కూర్మారావు గారికి చేతకాదు. మధ్యలోనే కొట్టేవారు. పాటైనా సరే, ఉపన్యాసమైనా సరే, ఆఖరికి భోజనమైనా సరే.

ఈ జబ్బుకు మూలం ఒక క్యాసెట్. తొంభైల్లో ఇనుప గనుల ఊరు బచేలిలో, రైల్వే క్వార్టర్లలో ఆయనది మా పక్కిల్లు. ఇనుపరాయి మోసే గూడ్సు బండికి గార్డు. విశాఖ రేవులో ఎవరో విదేశీ నావికుడితో స్నేహం కుదిరి, ఆ క్యాసెట్ కానుకగా వచ్చింది. పెద్ద హాల్లో, జనం ముందు, ఓ పటాలమంత మంది బాకాలూ డప్పులూ వాయిస్తుంటే అక్కడికక్కడే రికార్డు చేసిన జాజ్ అది. ఆయన నోట మాత్రం జాజు.

"సూడండి మాస్టారూ, మనం కొండలకి కొండలే ఓడెక్కించీసినాం. ఆళ్లు తిరిగి పంపింది ఇదొక్కటే," అనేవారు నాతో.

ఆయన భార్య పోలమ్మ గారి గోడు వేరు. "గోడకి పూసే జాజు ఎరుగుదును గానండి, సెవులకి పూసే జాజు ఇదే సూడ్డం."

బచేలిలో గోడలూ చెట్లూ ఆరేసిన పంచెలూ గని దుమ్ముతో ముందే జాజురంగులో ఉండేవి. ఇక మిగిలినవి చెవులే కాబట్టి, ఆదివారం మధ్యాహ్నాలు కాలనీ అంతా ఆయనింట్లో చేరేది. ఆ బాజాలో అందరూ కలిసి వాయిస్తారు, అంతలో ఒకడు లేచి ఒంటరిగా వాయిస్తాడు. వాడి వంతు కాగానే, పాట నడుస్తుండగానే హాల్లో జనం చప్పట్లు కొడతారు. అప్పుడు మనమూ కొట్టాలని ఆయన చట్టం.

"మనమెందుకండీ?" అన్నాను ఒకసారి.

"ఆళ్లు టిక్కెట్టు కొనుక్కుని ఇన్నారు. మనం ఊరికే ఇంటన్నాం. సప్పట్లకి కూడా లోభమైతే ఎలాగండి?"

కొట్టకపోతే టీ రాదని కొట్టేవాళ్లం. కొన్నాళ్లకు ఆయన చేతులు లేస్తే మా చేతులు వాటంతటవే లేచేవి. క్యాసెట్ రెండో వైపున ఒక బాకా దగ్గరైతే ఆయన లేచి నిలబడి, హాలుకంటే గట్టిగా కొట్టేవారు. "వాడి వంతింకా అవనే లేదు కదండీ," అని నేనంటే, "మీరు కొట్టండి ముందు," అనేవారు.

జబ్బు ఇల్లు దాటింది. జగదల్‌పూర్ బస్సు ఘాట్ రోడ్డు ఎక్కలేక ఆగిపోతే ఈయన చప్పట్లు కొట్టారు. "క్యా హువా, అంకల్?" అని కండక్టరు తెల్లబోయాడు. జెండా పండగనాడు కొత్త ఆఫీసరు హిందీ మాట తట్టక నీళ్లు నములుతుంటే ఈయన చప్పట్లు మొదలెట్టారు. ఉపన్యాసం అయిపోయిందనుకుని మిఠాయిలు పంచేశారు. ఒక రోజు మాకు భోజనం పెట్టి, చారన్నంలో ఉండగా ఎంగిలి చేత్తోనే కొట్టారు. మెతుకులు నా కళ్లజోడు మీద పడ్డాయి.

"మజ్జిగింకా ఎయ్యనేదు, ఆ సప్పట్లేటి?" అని పోలమ్మ గారు విసుక్కున్నారు.

ఆ ఏడాది సిగ్నల్ కేబిన్‌లో పనిచేసే జయరావు భార్య ప్రమీలారాణికి గొంతు ఆపరేషన్ అయింది. అంతకుముందు క్రిస్మస్‌కు ఆమె పాడకపోతే మా చర్చిలో పండగే లేదు. నెలల తరబడి మాటే లేని మనిషి, ఈసారి మళ్లీ ఒంటరిగా పాడతానంది. "ఇప్పుడు గాని రాకపోతే మరింక జన్మలో నోరిప్పనండి," అని గోడవతల పోలమ్మ గారితో అంటుంటే నేనూ విన్నాను.

క్రిస్మస్ పొద్దున మతంతో పనిలేకుండా కాలనీ అంతా చర్చిలోనే ఉంది. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణంలో పైకి వెళ్లేచోట గొంతు చీలి, ఆమె ఆగిపోయింది. జయరావు చేయి డోలక్ మీద బిగుసుకుపోయింది.

వెనక వరసలోంచి చప్పట్లు మోగాయి. ఇంకెవరు, కూర్మారావు గారే. అలవాటు పడ్డ చేతులు కదా, కాలనీ అంతా కొట్టేసింది. అంతమంది కొడుతుంటే ఊరుకోలేక పాస్టరు గారూ కొట్టారు. ఇక తన వంతే అనుకున్నాడేమో, జయరావు డోలక్ అందుకున్నాడు. ప్రమీలారాణి మంచినీళ్లు తాగింది, కళ్లు తుడుచుకుంది, కాస్త కింది శ్రుతిలో ఎత్తుకుని పాట పూర్తి చేసింది. బయటికొచ్చాక ఆడవాళ్లంతా ఆమె చుట్టూ మూగి, నడుమ ఆగి డోలక్‌కి వంతు ఇవ్వడం ఎవరు నేర్పారని అడిగారు.

దారిలో కూర్మారావు గారిని కదిపాను. "ఆవిడ గొంతు పోయింది, గమనించారా?"

"ఎక్కడ పోనాది? ఆవిడ వంతయింది, తరవాత డోలక్ వంతు. జాజులో అంతేనండి."

తరువాతి ఆదివారం క్యాసెట్ రెండో వైపుకు వచ్చేసరికి ఆయన టీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలో ఉన్నారు. చేతులు ఖాళీ లేవు. అప్పుడు విన్నాను. బాకావాడు పై స్వరానికి ఎగబాకి, అందక, వట్టి గాలి ఊది ఆగిపోయాడు. హాలు చప్పట్లు కొట్టింది. మిగతావాళ్లు పాట అందుకున్నారు. కాసేపటికి వాడు ఊపిరి పీల్చుకుని తిరిగి వచ్చి, కడుపునిండా వాయించాడు. అన్ని ఆదివారాలు విన్నా ఆ తప్పు నాకెప్పుడూ వినపడలేదు. పక్కన ఈయన అలా చప్పట్లు కొడుతుంటే ఎలా వినపడుతుంది? ఈ మనిషి మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ వేళ భోజనానికి ఉండిపొమ్మన్నారు. చారు కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేదు. పోలమ్మ గారు గరిటెతో ఎదురుగా నిలబడి, "ఎలాగున్నాదండి?" అన్నారు. కూర్మారావు గారి చేతులు లేవబోతున్నాయి. ఈసారి నేనే ముందు కొట్టాను.

"మజ్జిగింకా ఎయ్యనేదు మాస్టారూ. మీకూ అంటుకున్నాదేటి?" అంటూ ఆవిడ నవ్వుకుంటూ లోపలికి వెళ్లారు.

కూర్మారావు గారు తన కళ్లజోడు మీద పడ్డ నా మెతుకులు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు ఉప్పు జాడీ నా వైపు జరిపారు.