నొప్పికొచ్చే నవ్వు

రెంటచింతలలో మా పక్కింటి అన్నకు నొప్పి పుడితే నవ్వొచ్చేది. ఇంజను బెల్టులో పడి వేలు నలిగిననాడు కూడా నవ్వుతూనే మా ఇంట్లోకొచ్చాడు. "ఏందిరా ఆ ఇకిలింపులు!" అని మా అమ్మ కసిరింది. ఆ తర్వాతే నెత్తురు చూసి, కొంగు చించి కట్టుకట్టింది.

ఎన్నికల గొడవల్లో పోలీసులు పట్టుకెళ్ళి అన్న అరికాళ్ళు చితకబాదారు. ఇక్కడుంటే బతకనివ్వరని ఓ చలిదేశం చేరి, ఆశ్రయం ఇమ్మని అడిగాడు. విచారణలో ఆ దెబ్బల సంగతి చెబుతూ నవ్వాడట. హింస పడ్డవాడు నవ్వుతాడా, ఇదంతా కట్టుకథ అని అక్కడి అధికారి అర్జీ కొట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా వీధిలో ఎవరినడిగినా చెప్పేవాళ్ళు కదా, ఆ నవ్వేమిటో!

అన్న కోర్టుకెక్కాడు. అతను చెప్పింది నిజమా కాదా అన్నది అక్కడి జడ్జి తేల్చడు. అధికారి సరిగ్గా ఆలోచించాడా లేదా అన్నదే చూస్తాడు. పాదాల గురించి డాక్టరిచ్చిన రిపోర్టు వదిలేసి నవ్వును పట్టుకోవడం తప్పని, మరో అధికారి కేసును మళ్ళీ వినాలని తీర్పిచ్చాడు.

ఆ కబురు చెప్పడానికి అన్న ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టి, "గెలిచావన్నా!" అని అరిచాను.

"గెలిచాంరా తమ్ముడూ. అరికాళ్ళ సంగతి మళ్ళా మొదట్నించీ చెప్పాలంట," అని నవ్వాడు. చాలాసేపు నవ్వాడు.

అమ్మ ఈసారి కసరలేదు. ఫోను దగ్గరికి వంగి, "నవ్వరా అయ్యా, నవ్వు. మేం వింటన్నాం," అంది.