బూడిదను లాగే రాయి

గనుల ఊరైన అరసువాయీ సంతలో పచ్చరాయి కొనేవాళ్లు ఎవరైనా ముందు ఇదలీనా దగ్గరికే వచ్చేవాళ్లు. కాఫీ కొట్టు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, ఎండిన మొక్కజొన్న కండె పొరలో చుట్టిన పొగాకు కాలుస్తూ, ఆ బూడిదను జామ హల్వా డబ్బా మూతలో దులుపుకునేది. తెచ్చిన రాయిని కాఫీ కెటిల్ మీద వెచ్చబెట్టి, గౌను అంచుతో పట్టుకుని, బూడిద మీదికి మెల్లగా దించేది. బూడిద ఎగిరి అంటుకుంటే అసలైన పచ్చరాయి, టూర్మలిన్; కదలకపోతే సీసాపెంకు. ఏటి నీళ్లలో అరిగి నునుపుదేరిన సీసాపెంకులు మా గనివాళ్లను ఎంతమందిని ఏడిపించాయో లెక్కలేదు. ఖనిజశాస్త్రం చదివొచ్చిన మేనకోడలు జురేమా ఒకసారి, "వేడి తగిలితే ఆ స్ఫటికంలో కరెంటు పుడుతుందత్తా, అందుకే బూడిదను లాగుతుంది," అని చెప్పింది. "పుట్టనీ, బిల్లు రాకపోతే చాలు," అంది ఇదలీనా.

ఇదలీనా భర్త పోయిన మరుసటేడు, ఒక మధ్యాహ్నం జురేమా ఆమె వేలి ఉంగరం వైపు చూసి, "మామయ్య ఇచ్చిన ఈ రాయిని ఎప్పుడైనా పరీక్షించావా?" అనడిగింది. ఇదలీనా చుట్టను పక్కన పెట్టింది.

"పెళ్లి మాట అడిగిన రోజు ఆయనే చూడమన్నాడు. మూడు నెలలు నడుములోతు నీళ్లలో నిలబడి వెతికాడట. నా ఎదురుగా కూర్చుని చేతులు నలుపుకుంటున్నాడు."

"మరి బూడిద అంటుకుందా?"

"మొదట కదల్లేదు. ఆయన అటు తిరగ్గానే రాయి మీద ఊపిరి వదిలి తడిచేశాను. అప్పుడు అంటుకుంది."

చెప్పి, ఉంగరం మీద మళ్లీ ఒకసారి ఊపిరి వదిలి, గౌను అంచుతో మెరిసేదాకా తుడుచుకుంది.